వంగకూడని మనుషుల దోటి

నేను ఒక పొడుగాటి చెయ్యిని. భుజానికి వేలాడే చెయ్యి కాదు. సన్నటి అల్యూమినియం గొట్టం, దానికి ఒక చివర మీట ఉన్న పిడి, రెండో చివర రబ్బరు తొడిగిన రెండు దవడలు. మీట నొక్కితే గొట్టం లోపలి సైకిలు బ్రేకు తీగ బిగుసుకుంటుంది, దవడలు మూసుకుంటాయి. వదిలితే తెరుచుకుంటాయి. అంతకుమించి నాకు ఏ విద్యా రాదు. నన్ను తయారుచేసినావిడ ఎంతో ఆలోచించి 'అందుకర్ర' అని పేరు పెట్టింది. వాడినవాళ్ళు మాత్రం జామకాయలు కోసుకునే దోటిలా ఉన్నానని 'దోటి' అనేశారు. నేనూ ఆ పేరుకే పలకడం నేర్చుకున్నాను.

తుంటి కీలు మార్పించుకున్నవాళ్ళ కోసం పుట్టాను నేను. అరిగిపోయిన కీలు తీసేసి లోహపుది బిగించాక, దాని చుట్టూ కండ గట్టిపడేదాకా ఆ మనిషి నడుం నుంచి ముందుకి వంగకూడదు. ఎత్తు తక్కువ పీట మీద కూర్చోకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. మాట వినకపోతే కొత్త కీలు గూడులోంచి జారిపోవచ్చు. వినడానికి చిన్న షరతుల్లాగే ఉంటాయి. కానీ మన ఇళ్ళల్లో బతుకు సగం నేల మీదే నడుస్తుంది కదా! జారిపోయిన తువ్వాలు, దొర్లిపోయిన మాత్ర, మంచం కిందికి పోయిన చెప్పు, అన్నిటికీ మించి పాదం దగ్గర మొదలుపెట్టి పైకి లాక్కోవలసిన లంగా. వీటి ముందు ఎంత చదువుకున్న మనిషైనా చంటిపిల్లలా నిలబడిపోవలసిందే.

కాకినాడలో ఒక ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో వకుళ నన్ను తయారుచేసింది. ఆపరేషన్ అయినవాళ్ళ చేత కాళ్ళు కదిలించడం, నడిపించడం ఆమె మొదటి ఉద్యోగం. వార్డులో వాకర్ పట్టుకుని చక్కగా నడిచినవాళ్ళు ఇంటికెళ్ళి వంగి పడిపోతున్నారని విని, ఆ ఉద్యోగం తగ్గించుకుని, రంపం, డ్రిల్లు పట్టుకుంది. నాకంటే ముందు పుట్టినవాటిని ఆమె విదేశీ పుస్తకాల్లో బొమ్మలు చూసి చేసింది. అవి మేజోళ్ళు లాగడానికి బాగా పనికొచ్చేవి. మేజోళ్ళు వేసుకునే ముసలివాళ్ళు మాత్రం ఆమెకి దొరకలేదు. లంగా అంచు పట్టుకోబోతే ఆ ఇనప దవడలు బట్టని చింపేసేవి. అందుకని నా దవడలకి హవాయి చెప్పు రబ్బరు అతికించింది.

వకుళకి ఒక బాధ ఉండేది. ఆమె ఇచ్చిన ప్రతి వస్తువునీ అందరూ మెచ్చుకునేవారు. "బాగుందమ్మా, చాలా బాగుంది" అనేవారు. తర్వాత వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూస్తే ఆ బాగున్న వస్తువు తలుపు చాటున బూజు పట్టి ఉండేది. పాపం పిల్ల కష్టపడి చేసిందని వాళ్ళ జాలి. ఆ జాలి ఆమెకి అక్కరలేదు. 'బాగుంది' అన్న మాట చెవిన పడితే చాలు, అనుమానంగా చూసేది. మెచ్చుకోని మనిషి కోసం వార్డులన్నీ వెతుకుతుంటే కిటికీ పక్క మంచం మీద మంగతాయారు కనిపించింది.

మంగతాయారు ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా చేసి రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. దుప్పటి కింద ఉన్నది ఆడపిల్లో దిండో నడక ఆపకుండా చెప్పగలిగేది. వంటమనిషి కొంగు బరువు చూసి అందులో పప్పుందో ఉప్పుందో పసిగట్టేది. ఉద్యోగం అయిపోయింది కానీ, ఆ చూపు రిటైరవలేదు. కుడి తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టరుని కూడా, "లోపల పెట్టింది కొత్తదేనా?" అని అడిగిందని వార్డంతా చెప్పుకున్నారు.

వకుళ నన్ను తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఏవిటిది? ఎవరు పంపించారమ్మా నిన్ను?"

"ఎవరూ పంపలేదు మేడమ్. నేనే చేశాను. ఇంటికెళ్ళాక వాడి చూసి, ఇందులో ఏం బాగాలేదో మీరు చెప్పాలి."

"ఊరికే ఇస్తున్నావా?"

"ఊరికేనండి."

"ఊరికే ఇచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. మా హాస్టలుకి ఊరికే కూరగాయలు ఇస్తానన్నవాడు ఆఖరికి మా ప్రహరీ గోడ నిండా వాడి దుకాణం పేరు రాయించుకున్నాడు." ఆవిడ నన్ను తిప్పి తిప్పి చూసి, గొట్టంలోకి ఒక కన్ను పెట్టి పరీక్షించింది. "ఇందులో మాటలు రికార్డు చేసేదేమీ లేదు కదా?"

వకుళ నవ్వలేదు. ఆమెకి అంత సంతోషం కలిగి చాలా రోజులయింది. "లేదండి. తీగ ఒక్కటే ఉంది. కావాలంటే విప్పి చూపిస్తాను" అంది.

"చూపించు."

అలా నా కడుపు విప్పి చూసుకున్న తర్వాతే మంగతాయారు నన్ను ఇంటికి రానిచ్చింది.

ఆ ఇల్లు జగన్నాథపురం వంతెన దాటాక ఒక సందులో ఉంది. ముందు గదిలో కుట్టుమిషను, మధ్యలో హాలు, ఆ వెనక మంగతాయారు గది. మిషను వరహాలుది. వరహాలు మంగతాయారు తమ్ముడి భార్య. జాకెట్లు కుడుతుంది. తమ్ముడు చనిపోయిన ఏడాదే మంగతాయారు రిటైరయ్యింది. ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటే సరిపోతుందని చుట్టాలు తేల్చారు. వరహాలు ఆవిడని 'వదినగారు' అని పిలిచేది, ఎదురుగా కుర్చీలో కూర్చునేది కాదు. వాళ్ళిద్దరి మధ్య పోట్లాట లేదు. పోట్లాడుకోవడానికి కావలసినంత చనువు కూడా లేదు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇంటికొచ్చాకా వరహాలే అన్నీ చూసింది. మంచం కాళ్ళ కింద దిమ్మలు పెట్టించి ఎత్తు పెంచింది. కాళ్ళ మధ్య దిండు పెట్టి పడుకోబెట్టేది. నర్సు చెప్పిన జాగ్రత్తలన్నీ కంఠతా పట్టింది. "అటు తిరక్కండి వదినగారూ, పాదం లోపలికి తిప్పకండి" అని వెనకే తిరిగేది. ఇంత సేవ ఎందుకు చేస్తోందా అని మంగతాయారు ఆలోచించడం మొదలుపెట్టింది.

నా పని నేను చేసేవాణ్ణి. పొద్దున్నే మంగతాయారు లంగాని నా దవడలతో పట్టుకుని, పాదం కిందికి జారవిడిచి, మోకాలిదాకా లాక్కుని, అక్కణ్ణుంచి చేత్తో అందుకునేది. మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా చీర కట్టుకున్న రోజున ఆవిడ అద్దం ముందు కాసేపు నిలబడిపోయింది. నన్ను మెచ్చుకోలేదనుకోండి. "మీట గట్టిగా ఉంది, వేళ్ళు నొప్పెడుతున్నాయి" అని వకుళకి ఫోన్‌లో చెప్పింది. అటువైపు వకుళ పొంగిపోయి ఉంటుంది.

కొన్నాళ్ళకి నన్ను ఇంకో పనికి వాడడం మొదలయింది. మంచం దిగకుండా కిటికీ తెర తొలగించి గేటు వైపు చూడడానికి నేనే. బల్ల మీది గిన్నె మూత ఎత్తి, పొద్దుటి కూర తగ్గిందేమో చూడడానికి నేనే. మేకుకి తగిలించిన వరహాలు సంచిని దగ్గరికి లాగి, వాసన చూసి, మళ్ళీ మేకుకి తగిలించడానికీ నేనే. కింద పడ్డవాటిని అందించడానికి పుట్టినవాణ్ణి, ఎక్కడా పడనివాటిని తవ్వి తీసే పనిలో పడ్డాను. వకుళ దీన్ని ఊహించి ఉండదు. అయినా ఏ వస్తువు చేసినవాళ్ళు మాత్రం ఊహిస్తారు?

అనుమానం ఊరికే పుట్టలేదు లెండి. నొప్పి మాత్రలు తను వేసుకునేదానికంటే వేగంగా తరిగిపోతున్నాయి. పొద్దస్తమానం టకటకలాడే కుట్టుమిషను మూగబోయింది. అడిగితే, "పెళ్ళిళ్ళు లేవు కదండీ, బేరాలు రావట్లేదు" అంటుంది వరహాలు. వీధిలో మేళాల మోత మంగతాయారు చెవిన పడుతూనే ఉంది. మధ్యాహ్నం బజారుకని వెళ్ళి, కూరల సంచి ఖాళీగా పట్టుకొస్తుంది. వీటన్నిటికీ తోడు, మంచం పక్కన ఉండవలసిన నేను ఒకరోజు ఆవిడ నిద్ర లేచేసరికి గోడకి ఆనించి ఉన్నాను. నా దవడల మధ్య ఎర్ర దారప్పోగు ఇరుక్కుని ఉంది.

మంగతాయారు ఆ పోగుని వెలుగులో పెట్టి చూసింది. "ఓహో!" అంది. బీరువా పైనున్న తన పెట్టె వైపు చూసింది. నేను లేకుండా అది ఎవరికీ అందదు. నాతో అయితే అందుతుంది.

నిజం నాకు తెలుసు. ఆ పోగు ఇరుక్కున్న మధ్యాహ్నం వరహాలు చేతిలో ఉన్నది నేనే కదా.

మంగతాయారు కునుకు తీస్తుండగా ఆమె చప్పుడు కాకుండా వచ్చి నన్ను ముందు గదిలోకి తీసుకెళ్ళింది. మిషను కింద ఎర్ర దారాల మధ్య కత్తెర పడి ఉంది. దాని కోసం ఆమె ముందుగా తనే వంగబోయింది. సగం వంగి ఆగిపోయింది. మిషను బల్ల అంచు పట్టుకుని, పెదవి కొరుక్కుని, నిలబడిన చోటే ఊగింది. ఆ మొహం నాకు కొత్త కాదు. వార్డులో, ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళందరికీ అదే మొహం. నాతో కత్తెర తీసుకుంది. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి, వదినగారు చేసినట్టే, లంగా అంచు నాకు పట్టించి పాదం దాకా దించింది. ఆమెకి పోయింది ఎడమ తుంటి. కాలితో మిషను తొక్కీ తొక్కీ అరిగిందో, దానంతటదే అరిగిందో నాకు తెలీదు. మాత్రలు ఎక్కడికి పోతున్నాయో, మిషను ఎందుకు మూగబోయిందో మాత్రం ఆ మధ్యాహ్నం తెలిసింది. ఖాళీ సంచితో వెళ్ళేది బజారుకి కాదు, ఆస్పత్రికి. వెళ్ళేటప్పుడు బాగానే నడిచి, మలుపు తిరిగాక గోడ పట్టుకునే ఉంటుంది.

నాకు నోరుంటే మంగతాయారుతో చెప్పేద్దును. అయితే, నోరున్న వస్తువుని ఆవిడ ఇంట్లోకి రానిచ్చేదీ కాదు.

వారానికోసారి వకుళ వచ్చేది. నా దవడలు చూసేది, పిడి చూసేది. "మేడమ్, ఇక్కడ పసుపు మరక ఎలా అంటింది? ఈ బూజేవిటి? దీంతో ఏం చేస్తున్నారు మీరు?" అని అడిగేది. "వాడి చూడమన్నావు, వాడుతున్నాను" అనేది మంగతాయారు. ఒకరినొకరు అలా చూసుకునేవారు, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఎదురుపడినట్టు.

ఒక సాయంత్రం వకుళ వెళ్ళడానికి లేచింది. గేటుదాకా వరహాలు వెళ్ళింది. ఎంతకీ తిరిగి రాకపోయేసరికి మంగతాయారు నాతో తెర కొంచెం పక్కకి తీసింది. గేటు దగ్గర ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. గాలి ఇటు వీచినప్పుడు మాటలు వినిపించాయి.

"ఇంక నావల్ల కావట్లేదమ్మా," అంటోంది వరహాలు. "ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి."

"ఎన్నాళ్ళని దాస్తారండీ? ఏదో ఒక ఏర్పాటు చేయాలి కదా."

"ఈ నెల గడవనివ్వండి. తర్వాత చూద్దాం."

తెర జారిపోయింది.  మంగతాయారు విన్న మాటలు ఒక్కొక్కటీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. నావల్ల కావట్లేదు. ఏర్పాటు. ఆవిడకి తెలియనివ్వకండి. తన హాస్టల్లో వంటవాళ్ళు గుసగుసలాడుకున్నా ఇంత స్పష్టంగా దొరికేవారు కాదు. తనని ఎక్కడో చేర్పించబోతున్నారు. ముసలివాళ్ళని పెట్టుకునే ఆశ్రమాలు ఉంటాయి కదా, అలాంటిదేదో చూశారు. కర్ర పట్టుకొచ్చిన పిల్ల కూడా ఆ ఎత్తుగడలో మనిషే. ఊరికే ఎందుకిచ్చిందో ఇప్పుడు తెలిసింది.

అయినా ఆవిడ అడిగెయ్యలేదు. ముందు ఆధారం దొరకాలి, తర్వాత నిలదీయాలి. అది ఆవిడ పద్ధతి. మర్నాడు కాఫీ తాగుతూ మాట కలిపింది.

"వరాలూ, ఈమధ్య ఊళ్ళో పెద్దవాళ్ళని పెట్టుకునే ఆశ్రమాలు వచ్చాయటగా. బాగుంటాయంటావా?"

వరహాలు గ్లాసు కిందపెట్టి ఆలోచించింది. తనకి కూడా ఆపరేషన్ అయితే ఇద్దరి గతీ ఏమిటని ఆమె మనసులో తిరుగుతోంది. అందుకని అమాయకంగా, "బాగానే చూస్తారంటారండి. మనుషులుంటారు కదా అక్కడ, ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళు" అంది.

మంగతాయారు మొహం చూస్తే భయమేసింది నాకు. "సరే" అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి ఆవిడకి ఒకటే పంతం. తనకి ఎవరి అవసరమూ లేదని చూపించాలి. మంచినీళ్ళు తనే తెచ్చుకుంది. వద్దన్నా వాకర్ వదిలేసి గోడ పట్టుకు నడిచింది. "నెమ్మదండీ" అని వరహాలు అంటే, "నువ్వు కూర్చో. నీవల్ల కావట్లేదు కదా" అని ఎత్తిపొడిచింది. వరహాలు మొహం పాలిపోయింది. తన కుంటి నడక కనిపెట్టేశారని హడలిపోయింది. ఆ హడలు చూసి మంగతాయారు అనుమానం ఇంకా గట్టిపడింది. ఒకరి భయం ఒకరికి సాక్ష్యం అయి కూర్చుంది.

ఒక మధ్యాహ్నం వరహాలు ఖాళీ సంచితో వెళ్ళింది. గేటు చప్పుడు కాగానే మంగతాయారు లేచింది. రోజూ వరహాలు ఎత్తు కుర్చీ వేసి, పక్కన నిలబడి స్నానం చేయించేది. ఈరోజు ఎవరూ అక్కరలేదు. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో వాకర్‌ని పట్టుకుని స్నానాలగదికి వెళ్ళింది. ఎత్తు కుర్చీ వరండాలో ఉంది. దాన్ని లాక్కురావడం ఆవిడవల్ల కాలేదు. గోడవారన పాత చెక్కపీట ఉంది. వాకర్ గుమ్మం అవతల వదిలేసి, నన్ను గోడకి ఆనించి, కుళాయి పట్టుకుని, మెల్లగా ఆ పీట మీద కూర్చుంది.

కూర్చోవడం తేలికగానే జరిగిపోయింది. లేవబోతే తెలిసింది. మోకాళ్ళు నడుం కంటే ఎత్తులో ఉన్నాయి. ముందుకి వంగనిదే లేవలేదు. వంగితే లోపల ఏదో కదులుతున్నట్టుంది. కుళాయి తడిగా ఉంది, పట్టు నిలవడం లేదు. ఇంకోసారి ప్రయత్నించబోయి, తుంటిలో సూది దిగినట్టయి ఆగిపోయింది.  అంతమంది పిల్లల్ని గడగడలాడించిన మనిషి గొంతు ఎంత సన్నగా పలికిందో అప్పుడు విన్నాను నేను.

"వరాలూ..."

వీధి తలుపు తెరుచుకుంటున్న చప్పుడు అప్పుడే వినిపించింది. వరహాలు ఆ రోజు ఆస్పత్రిదాకా వెళ్ళలేకపోయింది. నొప్పి ఎక్కువై మలుపులోంచే వెనక్కి వచ్చేసింది. పిలుపు విని, తలుపు అలాగే వదిలేసి, ఒంటికాలి మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది.

"వదినగారూ! పీట మీదా! అయ్యో, కదలకండి, కదలకండి!"

భుజానికున్న సంచి గుమ్మంలో పడేసి, పక్క నుంచి రెండు చంకల కిందా చేతులు వేసి ఎత్తబోయింది. ఆ బరువు తన ఎడమ కాలి మీదికి వచ్చిన క్షణంలో ఆమె నోట్లోంచి వచ్చిన కేక ఇప్పటికీ నా గొట్టంలో ఉన్నట్టే అనిపిస్తుంది. కాలు మడత పడింది. తడినేల మీద పక్కకి కూలిపోయింది.

"వరాలూ! ఏమైందే? కాలు జారిందా?"

"జారలేదండి..." ఊపిరి పీల్చుకుంది వరహాలు. "నాదీ పోయింది వదినగారూ. నాదీ తుంటే."

"ఏం పోవడం? ఎప్పుడు?"

"మీ ఆపరేషన్ కంటే ముందు నుంచే ఉంది. నాకూ మార్చాలన్నారు."

 పీట మీద ఉన్నావిడకి పక్కకి తిరిగి చూడాలని ఉన్నా తిరగకూడదు. ఎదురుగోడ వైపు చూస్తూనే అడిగింది. "నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు చేయించుకునేవారా? ఇద్దరం మంచమెక్కితే ఎవరు చేస్తారండీ? ముందు మీది అయిపోతే, మీరు నడిచాక చూసుకుందాం అనుకున్నా. మీ మాత్రలు కూడా వేసుకున్నాను. తప్పే."

"మరి ఏర్పాటంటే..."

"ఏ ఏర్పాటు?"

"ఏమీ లేదు." మంగతాయారు కుళాయి మీది చెయ్యి తీసేసింది. "నన్నెక్కడో పడేస్తారనుకున్నానే."

"మిమ్మల్నా? మిమ్మల్ని పడేసి నేనెక్కడుంటానండీ!" నొప్పిలో కూడా వరహాలుకి కోపం వచ్చింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. "ముందు వెనక్కి ఆనండి. గోడకి ఆనండి. ఆపరేషన్ కాలు ముందుకి చాపండి, మడవకండి. ఆ... అలా. ఇంక అంగుళం కదలకండి."

మంగతాయారు చెప్పినట్టు చేసింది. ఇప్పుడు కావలసింది ఫోను. అది సంచిలో ఉంది. సంచి గుమ్మంలో ఉంది. నేల మీద ఉన్నావిడ పాకలేదు. పీట మీద ఉన్నావిడ వంగలేదు. గోడకి ఆనించి ఉన్నది నేనొక్కణ్ణే.

ఆవిడ నన్ను అందుకుంది. గోడకి వీపు ఆనించే చెయ్యి చాపింది. నా దవడలు సంచి పట్టీ అంచుని తాకాయి. మీట నొక్కింది. జారింది. చేతులు తడి, రబ్బరు తడి. మళ్ళీ నొక్కింది. పట్టీ కొంచెం లేచి పడిపోయింది. "కంగారు పడకండి, పట్టీ మెలిక ఉన్నచోట పట్టండి," అంది పక్క నుంచి వరహాలు. ఈసారి ఆవిడ రెండు చేతులతో మీట నొక్కింది. లోపల నా తీగ పురిపురిగా విడిపోతోంది. తెగిపోతే ఇద్దరూ అలాగే ఉండిపోతారు. తెగకుండా ఉండడం నా చేతిలో లేదు. ఎవరో ఒక పిల్ల షెడ్డులో కూర్చుని ఎంత గట్టి తీగ వేసిందో, అంతే నా బలం. సంచి కదిలింది. తడినేల మీద జరుగుతూ, ఆగుతూ వచ్చి వరహాలు చెయ్యి అందేచోట ఆగింది.

వరహాలు చేసిన ఫోనుకి వకుళ వచ్చేసరికి ఇద్దరూ ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ఉన్నారు. మొహాలు మాత్రం చెరో వైపున్నాయి. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన, పైవాటాలో అద్దెకున్నావిడనీ, అంబులెన్సు మనుషుల్నీ వెంటబెట్టుకుని వచ్చింది వకుళ. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి చూశారు. మంగతాయారు కొత్త కీలు దాని చోటులోనే ఉంది. వరహాలుకి ఎముక విరగలేదు కానీ, ఇంక ఆపరేషన్ వాయిదా వేయడానికి వీల్లేదన్నారు.

వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని మంగతాయారు వకుళని దగ్గరికి పిలిచింది. "నీకు తెలుసు కదూ?"

"తెలుసండి. నడక చూడగానే తెలిసింది. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

ఆవిడ తిడుతుందేమోనని వకుళ ఎదురుచూసింది. ఆవిడ తిట్టలేదు. "జ్వరం దాచుకున్న పిల్లని వరండా అవతల నుంచే పట్టుకునేదాన్ని నేను" అంది. "ఇది రోజూ నా కళ్ళముందే కుంటింది. నేను దాని సంచి వాసన చూస్తూ కూర్చున్నాను." ఒళ్ళో ఉన్న నన్ను పక్కన పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

మంగతాయారు స్థిమితంగా నడిచాక, వరహాలుకి ఎడమ తుంటి మార్చారు. నేను ఆమె చేతికి వచ్చాను. అప్పుడు చూడాలి ఆ ఇంటి వైభవం. ఒక వార్డెనుకి ఒకే ఒక్క పిల్లని అప్పజెపితే ఎలా ఉంటుందో అలా ఉండేది. పీటలన్నీ అటక ఎక్కాయి. "కాళ్ళ మధ్య దిండు తీసేశావు కదూ?" "లేదండీ, ఉంది." "దుప్పటి ఎత్తు, చూస్తాను." వంటింట్లోంచే, "ఏదో కింద పడ్డ చప్పుడు వినిపించింది. వంగావా?" అని కేక. వకుళ వస్తే వరహాలు దీనంగా చూసేది. "మీ మేడమ్ గారితో పడలేకపోతున్నానమ్మా. నిద్రలో కాలు మీద కాలు వేస్తానేమోనని కుర్చీ వేసుకు కూర్చుంటున్నారు." ఆ ఫిర్యాదు చేసేటప్పుడు ఆమె మంగతాయారు ఎదురుగా, ఎత్తు కుర్చీలో దర్జాగా కూర్చుని ఉండేది.

కొన్నాళ్ళకి వకుళ కొత్త దోటి తెచ్చింది. దాని మీట ఒక వేలితో నొక్కితే చాలు. దవడలకి గరుకు రబ్బరు, తడిలో కూడా జారదు. సంచి పట్టీ, లంగా అంచు, బొత్తం, మాత్ర, అన్నిటి మీదా పరీక్షించి తెచ్చింది. నన్ను తిరిగి ఇమ్మంది.

"ఎందుకు?" అంది మంగతాయారు వెంటనే.

"కోసి చూస్తానండి. తీగ లోపల ఎక్కడ ఎక్కువ అరిగిందో తెలిస్తే తర్వాత చేసేవి గట్టిగా చేయొచ్చు."

ఇద్దరాడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరికి వరహాలే నన్ను తడిగుడ్డతో తుడిచి అందించింది.

రంపం పెట్టి నన్ను నిలువునా కోసింది వకుళ. నొప్పేమీ లేదు. పురి విడిపోయిన చోటు దొరికింది. దాని పక్కన గీత పెట్టుకుంది. ఇప్పుడు నాలో ఒక సగం షెడ్డు గుమ్మం పక్కన చెక్కకి బిగించి ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి నా లోపలి తీగ చూపిస్తుంది. రెండో సగం పాత ఇనప సామాన్లవాడు పట్టుకుపోయాడు.

మొన్న వాళ్ళిద్దరూ ఆస్పత్రికి చూపించుకోవడానికి వచ్చి, ఇటు కూడా వచ్చారు. మంగతాయారు నా ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, "ఇది మాదేనా? ఇంకెవరిదో తెచ్చి పెట్టలేదు కదా?" అని అడిగింది. పిడి మీద గీతలు తడిమి చూసుకున్నాక గానీ ఒప్పుకోలేదు. తర్వాత వరహాలుని పిలిచి చూపించింది.  బయట ఆటో హారన్ మోగింది.

గుమ్మం దాటి నాలుగడుగులు వేశారో లేదో మంగతాయారు ఆగింది.

"ఏవే, ఎడమ కాలు ఈడుస్తున్నావు?"

"లేదండీ. చెప్పు జారింది."

"చెప్పేమీ జారలేదు. నేను చూస్తూనే ఉన్నాను. నొప్పిగా ఉందా?"

"లేదంటున్నాను కదా వదినగారూ!"

"ఏదీ, అక్కడిదాకా నడిచి చూపించు."

ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. మంగతాయారు వినిపించుకోలేదు. నడిరోడ్డు మీద నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, వేలితో ముందుకి చూపించింది. వరహాలు పళ్ళు కొరుక్కుని ఆటోదాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగింది.

"ఇంకోసారి" అంది మంగతాయారు.